తెర వెనుక స్త్రీలు: నిమ్మలకుంట తోలుబొమ్మలు

(అనంతపురంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిత్రకళాకారుల జీవితాల గురించి, వాళ్ల పని గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. చిత్రకళ అనగానే మనకు కాన్వాసు, కుంచె, పట్నంలో ఒక గ్యాలరీ, బొమ్మ కింద మూలన ఒక సంతకం గుర్తొస్తాయి. నేను అంత దూరం పోను. ధర్మవరం మండలంలో నిమ్మలకుంట అనే ఊరుంది. 2022 ఏప్రిల్ నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది కాని, మన నోళ్లలో ఇంకా అనంతపురమే. ఆ ఊళ్లో మేకతోలు మీద బొమ్మ గీసి, చెక్కి, రంగులద్ది బతికే కుటుంబాలున్నాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్ల పని గురించీ, ఆ పనికి ఎవరి పేరు పెడుతున్నారన్న దాని గురించీ మాట్లాడతాను.

ముందు పేర్లతోనే మొదలుపెడదాం. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ రోజు నిమ్మలకుంట పేరు దేశమంతా వినబడింది. అది న్యాయమైన గౌరవం, అందులో నాకు రెండో మాట లేదు. అదే ఊరి నుంచి దళవాయి శివమ్మ గారు కూడా ఈ కళలో జాతీయ స్థాయి గుర్తింపు పొందారు. ఆమె పేరు మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగను. ఈ కళ గురించి రాసే వ్యాసాల్లో మగవాళ్లను "కళాకారుడు" అంటారు, ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి "కుటుంబ సభ్యులు కూడా సహాయం చేస్తారు" అని ఒక వాక్యంతో సరిపెడతారు. ఆ "సహాయం" అనే మాట లోపల ఏముందో విప్పి చూడాలి.

బొమ్మ ఎలా తయారవుతుందో చెబుతాను. కొనుక్కొచ్చిన పచ్చి మేకతోలును వేణ్ణీళ్లలో నానబెట్టాలి. వెంట్రుకలు, లోపలి వైపు కండ గీకి తీయాలి. ఆ వాసన మీరు ఊహించుకోండి. నీళ్లు ఎక్కడివి? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే సీమ ఇది, అది కూడా పడితే. బిందెలు మోసేది ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. గీకిన తోలును లాగి కట్టి ఆరబెడితే అది పల్చబడి, వెలుగు అవతలికి కనిపించేలా అవుతుంది. తోలుబొమ్మ రహస్యమంతా అక్కడే ఉంది. కింద చెడిన తోలును పైన రంగు కాపాడలేదు. అయినా కళ గురించి మాట్లాడేటప్పుడు ఈ భాగాన్ని ఎవరూ కళ అనరు, చాకిరీ అంటారు.

ఆ తర్వాత గీత గీస్తారు. ఆ తర్వాత చెక్క మొద్దు మీద తోలు పరిచి, చిన్న చిన్న ఉలులతో రంధ్రాలు కొడతారు. ఒక్కొక్క ఉలికి ఒక్కొక్క ఆకారం: చుక్క, నెలవంక, పువ్వు రేకు. సీతమ్మ మెడలో హారం, వడ్డాణం, చీర అంచు అన్నీ ఈ రంధ్రాలే. గమనించండి, తోలుబొమ్మకు నగ అంటే పైన పెట్టింది కాదు, తీసేసింది. తోలు పోయిన చోట దీపం వెలుగు దూరి నగగా మెరుస్తుంది. ఒక్క దెబ్బ పక్కకు పడితే తోలు చిరుగుతుంది, అతుకు వేస్తే తెర మీద నల్లగా కనిపిస్తుంది. చూపు, చేతి నిలకడ, గంటల తరబడి వంగి కూర్చోగలిగిన నడుము కావాలి. నేను చూసిన ఇళ్లలో ఈ పని ఆడవాళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చి కూర్చుని చేస్తున్నారు. మధ్యలో లేస్తారు, మళ్లీ కూర్చుంటారు. ఎన్ని గంటలు పనిచేశావమ్మా అంటే చెప్పలేరు. ముక్కలు ముక్కలుగా దొరికిన సమయాన్ని ఎవరు కూడి చూస్తారు?

రంగు రెండు వైపులా అద్దాలి. పూర్వం చెట్ల నుంచి, మట్టి నుంచి తీసిన రంగులు వాడేవాళ్లు, ఇప్పుడు బజారు రంగులు. పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింక తోలు వాడేవాళ్లని పెద్దలు చెబుతారు, 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ మాటే లేదు. చివరికి మెడ, భుజం, మోచేయి దగ్గర ముక్కలను దారంతో కీళ్లుగా కడతారు. నాట్యకత్తె బొమ్మకు నడుము దగ్గర కూడా కీలు ఉంటుంది. మధ్యలో చీల్చిన వెదురు దబ్బ బిగిస్తే మనిషెత్తు బొమ్మ లేచి నిలబడుతుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రాలు చూసినవాళ్లకు ఈ పక్కచూపు ముఖాలు, పెద్ద కళ్లు, చీరల అంచులు కొత్తగా అనిపించవు. గుళ్లో గీసినవాళ్ల పేర్లు కూడా మనకు దక్కలేదు. విరూపణ్ణ పేరు దక్కింది, ఆయన గుడి కట్టించాడు కాబట్టి.

ఇక ఆట. ఈ కుటుంబాలు ఎన్నో తరాల కిందట మరాఠా దేశం నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మాట ఆరె మరాఠీ, తెర మీద పద్యం తెలుగు. బడి ముఖం చూడని ఆడపిల్ల కూడా చెవితో విని తెలుగు పద్యం పట్టి పాడేది. మన వీధి నాటకాల్లో చాలా కాలం మగవాళ్లే ఆడవేషం కట్టారు. తోలుబొమ్మలాటలో మాత్రం సీతకు, ద్రౌపదికి, మండోదరికి గొంతు ఇచ్చింది ఆడవాళ్లే. తెర వెనుక దీపం వేడిలో, కాళ్ల కింద చెక్కలు తొక్కి చప్పుడు చేస్తూ, చంటిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని తెల్లవార్లూ పాడేవాళ్లు. ఊరంతా ఆమె గొంతు వింటుంది, ఎవరూ ఆమె ముఖం చూడరు. దీన్ని రక్షణ అనాలో, మరుగు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

బంగారక్క సంగతి కూడా చెప్పాలి. జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క వచ్చి పురాణం మధ్యలో బూతు, తిట్టు, ఎకసెక్కం అన్నీ ఆడతారు. మన మహిళా సంఘాల్లో కొందరు బంగారక్కను చూసి ముఖం చిట్లిస్తారు, గయ్యాళి బొమ్మ అని. నాకు అంత తేలిగ్గా కొట్టిపారేయాలనిపించదు. మొగుణ్ణి నలుగురిలో నిలదీసే ఆడది ఆ తెర మీద బంగారక్క ఒక్కతే. రాత్రి బంగారక్కకు గొంతిచ్చిన మనిషి పగలు ఇంట్లో అలా మాట్లాడగలదా అన్నది వేరే ప్రశ్న.

మన కరువు సీమలో వాన రాకపోతే విరాటపర్వం ఆడించేవాళ్లు. ఆ కథ ఆడితే మబ్బు కరుగుతుందని నమ్మకం. మనం ఆ కథను ఇంకో రకంగా చూద్దాం. ద్రౌపది మారుపేరుతో రాణి సుధేష్ణ దగ్గర పనికి చేరింది. రాణి తమ్ముడు వెంటపడ్డాడు. పని ఇచ్చిన రాణే మద్యం తెమ్మని ఆమెను వాడి ఇంటికి పంపింది. పారిపోయి కొలువులోకి వస్తే అందరి ముందు కాలితో తన్నాడు, రాజు నోరు మెదపలేదు. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. వాటి గురించి మనం పెట్టే శిక్షణ తరగతులకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఆ సభలోనే ధర్మరాజు, మారువేషం బయటపడుతుందని భయపడి, నటకత్తెలా ఏడుస్తూ నిలబడకు, లోపలికి పో అనే అర్థంలో ఆమెను మందలిస్తాడు. ఆలోచించండి. తెర వెనుక ద్రౌపదికి గొంతు ఇస్తున్నది ఆటే బతుకుగా ఉన్న ఒక స్త్రీ. ఆ మాట ఆమెకూ తగులుతుంది. ఊరూరా తిరిగి ఆడే ఆడవాళ్లను లోకం ఏ కళ్లతో చూసిందో ఆ ఒక్క మందలింపులో ఉంది.

సినిమా, తర్వాత టీవీ వచ్చి ఆట పలచబడింది. బొమ్మ బతకడానికి వేరే దారి వెతుక్కుంది. దీపపు బుడ్డీలు, గోడకు వేలాడదీసే చిత్రాలు, తలుపు తోరణాలు, గది అడ్డుతెరలు మొదలయ్యాయి. లేపాక్షి దుకాణాలు, పట్నాల్లో హస్తకళల సంతలు అమ్మకానికి చోటిచ్చాయి. 1952లో ఏర్పడ్డ అఖిల భారత హస్తకళల బోర్డును నడిపింది కమలాదేవి చట్టోపాధ్యాయ. స్త్రీల ఉద్యమం నుంచి వచ్చిన మనిషే ఈ దేశంలో చేతివృత్తులకు ప్రభుత్వపు తలుపు తెరిచిందన్న సంగతి మనం తరచూ మర్చిపోతాం.

ఈ మార్పులో స్త్రీకి ఏమైంది? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. ఆట ఉన్నప్పుడు ఆమె గొంతు లేకుండా ఆట నడవదు. మేళానికి ఆమె తప్పనిసరి. దీపపు బుడ్డీకి గొంతు అక్కర్లేదు. చెక్కే చేయి, అద్దే చేయి చాలు, ఆ చేయి ఎవరిదైనా ఒకటే. మరోవైపు, ఊరు వదిలి తిరగాల్సిన పని తప్పింది, పిల్లలు బడికి పోయారు, ఇంట్లోనే కూర్చుని సంపాదించే వీలు కలిగింది. వేరుశనగ ఎండిపోయి చుట్టుపక్కల ఊళ్లు బెంగుళూరు కూలికి ఖాళీ అవుతుంటే, చేతిలో ఉలి ఉన్న కుటుంబానికి ఒక ఆసరా ఉంది. కాబట్టి ఇది ఉత్త నష్టం అని నేను అనను. కాని సంతకు సరుకు తీసుకుపోయేది, బేరమాడేది, ఆర్డరు ఒప్పుకునేది, డబ్బు చేతికి తీసుకునేది ఎక్కువగా మగవాళ్లే. ఆమె పని బజారుకు దగ్గరైంది, ఆమె కాలేదు.

ఇది నిమ్మలకుంట ఒక్కదాని కథ కాదు. పక్కనే ధర్మవరం పట్టుచీర ఉంది. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టిన, అచ్చు అతికిన భార్య లెక్కలోకి రాదు. దూరదేశం నుంచి ఒక విరుద్ధమైన ఉదాహరణ చెబుతాను. జర్మనీలో లోటె రైనిగర్ అనే స్త్రీ నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కీళ్లు కట్టి, వెలుగు ముందు కదిలించి నీడబొమ్మల సినిమాలు తీసింది. 1926లో వచ్చిన "ప్రిన్స్ అహ్మద్ సాహసాలు" ఆమెదే. ఆ సినిమాకు కెమెరా పట్టుకున్నది ఆమె భర్త. పేరు మాత్రం ఆమెదే నిలిచింది. పని దాదాపు ఒకటే, నీడ, కీలు, వెలుగు. తేడా చేతిలో లేదు. ఎవరి పేరు రాయాలన్న అలవాటులో ఉంది.

ఇక మనం చేయగలిగిన పనుల దగ్గరికి వస్తాను. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చి చాలా ఏళ్లయింది. దాన్ని కుటుంబానికో, ఊరి పెద్దకో ఇచ్చిన బిరుదు అనుకుంటున్నారు చాలామంది. 1999 నాటి ఆ చట్టం కింద, ఆ వస్తువును తయారుచేసే ఏ మనిషైనా అధీకృత వాడకందారుగా తన సొంత పేరు నమోదు చేయించుకోవచ్చు. చట్టం "తయారుచేసేవారు" అంటుంది కాని "ఇంటి యజమాని" అనదు. అలాగే కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే చేతివృత్తి గుర్తింపు కార్డు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. రేషను కార్డు లాంటిది అనుకుని ఇంటికొకటి చాలు అనుకుంటే పొరపాటు. శిక్షణకు, సంతలో స్టాలుకు, అప్పుకు అడిగేది ఆ కార్డే.

ఇంకొకటి, పాత బొమ్మల సంగతి. ఒక కుటుంబం దగ్గరున్న బొమ్మల కట్ట వాళ్ల ఆస్తి. కొన్ని బొమ్మలు తరాల నాటివి. మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, దేశమంతటికీ అది 2005లో వచ్చింది. భూమి పంపకంలో ఆ చట్టం గురించి మనం కొట్లాడాం. బొమ్మల కట్ట పంచుకునేటప్పుడు, తల్లి దగ్గర పద్యమూ ఉలీ నేర్చిన కూతురికి ఏమొస్తుందని ఎవరైనా అడిగారా? అడగాల్సిన ప్రశ్నే.

మన సంస్థలకు కూడా ఒక మాట. అక్షరాస్యత అనీ, ఆరోగ్యం అనీ ప్రచారానికి తోలుబొమ్మల మేళాలను పిలుస్తుంటాం. ఇకమీద పిలిచినప్పుడు చెల్లింపు రసీదులో పాడిన ఆమె పేరు, ఆమె మొత్తం వేరేగా రాయండి. బ్యానరు మీద "ఫలానావారి బృందం" అని వేసి ఊరుకోకుండా అందరి పేర్లూ వేయండి. దీపపు బుడ్డీ కొంటే చెక్కింది ఎవరు, రంగు వేసింది ఎవరు అని అడిగి, చిన్న చీటీ రాయించి దానికి కట్టించండి. కొనేవాళ్లు అడగడం మొదలుపెడితే అమ్మేవాళ్లు రాయడం మొదలుపెడతారు.

వచ్చే నెలలో గుర్తింపు కార్డుల దరఖాస్తులు నింపడానికి మనలో కొందరు ఊళ్లకు పోతున్నారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆమెను "మీరు ఏం పని చేస్తారు?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటాను" అంటుంది. అలా అడగొద్దు. ఆ బొమ్మ చేతికి తీసుకుని, ఈ వడ్డాణం రంధ్రాలు ఎవరు కొట్టారని అడగండి. అప్పుడు చెబుతుంది. ఆ చెప్పింది వృత్తి అన్న గడిలో రాయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.