వరద నమూనాకు పరీక్ష



గౌతమీ తీరవాసులమైన మనకు వరద కొత్త కాదు. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. రెండు మార్లూ యానాంతో సహా డెల్టా వరద బారిన పడింది. అటువంటి ప్రవాహాన్ని ముందుగా అంచనా వేయడానికి ఇంజనీర్లు కంప్యూటరులో నదికి గణిత నమూనాను నిర్మిస్తారు.

నేల ఎంత నీటిని పీల్చుకుంటుంది, నదీగర్భపు గరుకుదనం ఎంత అనే సంఖ్యలను పరీవాహక ప్రాంతమంతటా నేరుగా కొలవడం సాధ్యం కాదు. నమూనా చెప్పిన ప్రవాహం కొలిచిన ప్రవాహంతో సరిపోయే వరకు వాటిని సవరించడమే క్రమాంకనం.

సరిపోవడం అంటే ఏమిటి? 1970లో నాష్, సట్‌క్లిఫ్ ప్రతిపాదించిన కొలమానం వ్యత్యాసాలను వర్గం చేసి కూడుతుంది. పూర్తిగా సరిపోతే విలువ 1. ప్రతిరోజూ సగటు ప్రవాహాన్నే చెప్పినదానితో సమానమైతే 0. వర్గం చేయడం వలన పెద్ద వరదలకే ప్రాధాన్యం లభిస్తుంది. కావున వరద హెచ్చరికకు ఇది తగినది. వేసవి నీటిని అంచనా వేయాలంటే ప్రవాహాల లాగరిథమ్‌లను పోల్చడం మేలు. ప్రయోజనాన్ని బట్టి పద్ధతిని ఎంచుకోవాలి.

సవరణను అనుభవజ్ఞుడు స్వయంగా చేయవచ్చు, కంప్యూటరుకూ అప్పగించవచ్చు. మొదటి దానిలో వివేచన ఉంది, వేగం లేదు. రెండవ దానిలో వేగం ఉంది. కాని అంకెలు కుదిరితే చాలు, నేలకు అసంభవమైన విలువనైనా అది అంగీకరిస్తుంది. హద్దులు మనిషే విధించాలి. పైగా వేర్వేరు సంఖ్యల కూర్పులు సమానంగా సరిపోవచ్చు. అందుకే 1992లో బెవెన్, బిన్లీ ఆమోదయోగ్యమైన కూర్పులన్నింటినీ నిలుపుకొని, ఒకే అంకెకు బదులు అవధులను చెప్పే పద్ధతిని సూచించారు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక నియమం తప్పదు. తెలిసిన ప్రశ్నలకు జవాబులు వల్లించిన విద్యార్థి ప్రజ్ఞ కొత్త ప్రశ్న ఎదురైనప్పుడు గాని తేలదు. నమూనా కూడా అంతే. సవరణకు వాడని వరదతోనే దానిని పరీక్షించాలని క్లెమెష్ 1986లో నొక్కి చెప్పారు.

హెచ్చరికను నమ్మి ఒక కుటుంబం అర్ధరాత్రి ఇల్లు విడుస్తుంది. ఆ నమూనా ఏ వరదపై నెగ్గిందో అడిగే హక్కు ఆ కుటుంబానికి ఉన్నది. మీలో రేపు ఇంజనీర్లు కాబోయేవారు ఆ ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంచుకోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.