పట్నపు చదువునకు తోడు



మీ యింటి పిల్లవాడో, పొరుగింటి పిల్లయో ఇంజనీరింగు కళాశాలలోగాని, విశ్వవిద్యాలయమున భౌతిక, రసాయన, గణిత శాస్త్రములలోగాని చేరియున్నచో, ఈ పూట నేను చెప్పబోవు మాటలు మీకు కొంత పనికి రావచ్చును. నేను 30 సంవత్సరములకు పైగా అట్టి కళాశాలలో గణితము బోధించినవాడను. అంతకుమున్ను అట్టి కళాశాలలోనే విద్యార్థిగా చేరి, మొదటి పరీక్షలో తప్పినవాడను. ఈ ప్రసంగమునకు నాకుగల అర్హతలలో రెండవదే ముఖ్యమైనదని నా నమ్మకము.

మా యూరి పాఠశాలలో నేను తెలుగున చదివితిని. లెక్కలలో చుట్టుప్రక్కల నాలుగూళ్లలో నాకు మంచి పేరు. కళాశాలలో మొదటి గణిత పరీక్షకు నూటికి 11 మార్కులు వచ్చినవి. ఆ కాగితమును నాలుగు మడతలు పెట్టి, ట్రంకుపెట్టె యడుగున బట్టల క్రింద దాచితిని. ఇంటికి ఉత్తరము వ్రాయుచు, ఒంట్లో కొంచెము నలతగా నున్నదనియు, చదువు మాత్రము చక్కగా సాగుచున్నదనియు వ్రాసితిని. రెండును అబద్ధములే. నలత యన్న మాట చూచి మా నాయన కంగారుపడి, మఱునాటి తొలి బస్సునకే సున్నియుండల మూటతో వచ్చి నా గది గుమ్మమున నిలిచెను. ఇక నిజము చెప్పక తప్పినది కాదు. ఆయన కోపింపలేదు. "నీకు లెక్కలు వచ్చును గదరా, ఇక్కడివి వేఱు లెక్కలా?" అని మాత్రమే యడిగెను. ఆ ప్రశ్నకు నాకప్పుడు బదులు తోచలేదు.

ఇప్పుడు చెప్పగలను. లెక్కలు వేఱు కావు, పేర్లు వేఱు. తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు అవకలనము నేర్చియుండును, సమాకలనము నేర్చియుండును, మాత్రికలు, సదిశలు, అవధులు అన్నియు నేర్చియుండును. కళాశాలలో ఉపాధ్యాయుడు డిఫరెన్షియేషన్ అనును, ఇంటెగ్రేషన్ అనును, మేట్రిక్స్, వెక్టార్, లిమిట్ అనును. పిల్లవాడు తనకు తెలిసిన చుట్టమే క్రొత్త వేషమున ఎదురుపడగా పోల్చుకొనలేక బిక్కమొగము వేయును. ఉపాధ్యాయుడు వానికి లెక్క రాదనుకొనును. అంతకన్న పెద్ద ప్రమాదము, వాడును తనకు లెక్క రాదనియే అనుకొనును. నేనట్లే అనుకొంటిని. రెండవ సంవత్సరమున చదువుచుండిన మా హాస్టలు విద్యార్థి యొకడు రాత్రి భోజనములైన తరువాత నా ప్రక్కన కూర్చుండి, ఒక చిన్న నోటుపుస్తకమున ఎడమవైపు తెలుగు మాటయు, కుడివైపు ఇంగ్లీషు మాటయు వ్రాయించెను. రమారమి 200 మాటలు. పదునైదు రాత్రుల పని. ఆ నోటుపుస్తకము నాకు చేసిన మేలు మఱి యే పెద్ద గ్రంథమును చేయలేదు. నేడైనను ఈ పని చేయుట కష్టము కాదు. 1968లో హైదరాబాదున స్థాపితమైన తెలుగు అకాడమి విశ్వవిద్యాలయ స్థాయి శాస్త్రగ్రంథములను, పారిభాషిక పదకోశములను తెలుగున ప్రకటించినది. అట్టి కోశమొక్కటి పిల్లవాని పెట్టెలో నుండుట మంచిది.

భాష యొక్కటే చిక్కు కాదు. ఇంటర్మీడియెటు రెండేండ్లును నేటి పిల్లలు ప్రవేశపరీక్ష కొఱకే చదువుదురు. నాలుగు జవాబులిచ్చి వానిలో సరియైనది గుర్తింపుమను పరీక్ష యది. త్వరగా గుర్తించువాడు గెలుచును. కళాశాలలో నాలుగు జవాబులు ఇయ్యరు. తెల్లకాగితమిచ్చి, ఈ ఫలితము ఎట్లు వచ్చినదో మొదటినుండి చూపుమందురు. పరుగుపందెములో బహుమతి పొందినవానిని తీసికొనిపోయి నాగలి చేతికిచ్చినట్లుండును. ఇక పాలిటెక్నిక్కున డిప్లొమా ముగించి, ఈసెట్ పరీక్ష వ్రాసి నేరుగా రెండవ సంవత్సరమున చేరువారి కష్టము వేఱొక విధము. యంత్రములతో పని వారికి చక్కగా వచ్చును. కాని తోటివారు మొదటి సంవత్సరమున చదివిన గణితము వీరు కళాశాలలో విననే లేదు. రెండవ సంవత్సరపు గణితమేమో దానిమీదనే నిలిచియుండును. పునాది వేయని చోట గోడ లేపుమన్నట్లున్న దీ యేర్పాటు. ఈ పిల్లలకు తొలి నెలలలోనే తోడు దొరకినచో నిలదొక్కుకొందురు. ఆలస్యమైనచో తప్పిన పేపర్లు ఒకదానిమీద నొకటి పేరుకొనిపోవును.

ఇంత తెలిసియు, ఉపాధ్యాయుడనైన పిమ్మట నేను చేసిన తప్పు నొకదానిని మీకు చెప్పవలెను. సాయంకాలమున పిల్లలకు సాయము చేయదలచి, "గణితమున వెనుకబడిన విద్యార్థులకు ప్రత్యేక తరగతి" అని ప్రకటన వ్రాసి గోడకు అంటించితిని. మొదటినాడు ముగ్గురు వచ్చిరి. రెండవనాడు ఒక్కడు. మూడవనాడు నేనును, దీపమును. పిల్లలకు శ్రద్ధ లేదని వారము దినములు అందఱితోను చెప్పుకొని తిరిగితిని.

తరువాత చాలకాలమునకు అమెరికా దేశపు గణితాచార్యుడు యూరీ ట్రైస్‌మన్ 1992లో ప్రకటించిన వ్యాసమొకటి చదువ తటస్థించినది. ఆయన 1970 దశకమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ కళాశాలలో పనిచేయుచుండగా, నల్లజాతి విద్యార్థులు కలనగణితమున ఎక్కువగా తప్పుటయు, చైనా సంతతివారు బాగుగ నెగ్గుటయు చూచి, కారణమేమని తోటి ఆచార్యుల నడిగెను. శ్రద్ధ లేదనిరి, పునాది లేదనిరి, ఇంటిలో ప్రోత్సాహము లేదనిరి, పేదఱికమనిరి. మనమును ఇవే మాటలు చెప్పుచుందుము. ఆయన ఆ మాటలను నమ్మి ఊరకుండక, రెండు తెగలనుండి ఇరువదేసి మందిని ఎన్నుకొని, వారి గదులకు, గ్రంథాలయములకు వెంటబోయి, ఎట్లు చదువుచున్నారో కన్నులార చూచెను. ఆచార్యులు చెప్పిన కారణములలో నొక్కటియు నిలువలేదు. నల్లజాతి పిల్లలు శ్రద్ధగలవారే. చెప్పినట్లే వారమునకు ఇంచుమించు 8 గంటలు ఆ పాఠమునకు వెచ్చించుచుండిరి. కాని ఒంటరిగా చదువుచుండిరి. తాము చేసినది తప్పో ఒప్పో పరీక్షాఫలితము వచ్చువఱకు వారికి తెలియదు. చైనా పిల్లలు తొలుత ఎవరికి వారు చదువుకొని, పిదప సాయంకాలమున ఒకచోట చేరి, ఒకరి లెక్క నొకరు దిద్దుకొని, ఎవరికిని రాని లెక్క యేదో తేల్చుకొనుచుండిరి. వెరసి వారమునకు 14 గంటలు. అక్కడ చదువును, మాటామంతియు, తిండియు కలిసియే సాగుచుండెను.

అంతట ఆయన ఒక కూటము నేర్పాటు చేసెను. దానికి వెనుకబడినవారి తరగతి యని పేరు పెట్టలేదు. తేలికలెక్కలు ఇయ్యలేదు. మామూలు తరగతిలోనివానికన్న కఠినమైన లెక్కలిచ్చి, గుంపులుగా కూర్చుండి సాధింపుడనెను. అందు చేరిన నల్లజాతి విద్యార్థులు చక్కగా నెగ్గిరి. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మఱునాడు నా పాత ప్రకటన చింపివేసి, "సాయంకాలపు లెక్కల కూటము, కఠినమైన లెక్కలు, టీ ఇయ్యబడును" అని వ్రాసితిని. పదునేడుగురు వచ్చిరి. వారిలో టీ కొఱకు వచ్చినవారెందఱో నేనడుగలేదు.

ఆ కూటమున జరిగిన యొక సంగతి. మొదటి సంవత్సరపు విద్యార్థి యొకడు రెండు పేపర్లు తప్పెను. వానిని చదువు మాన్పించి ఇంటికి తీసికొనిపోవుటకు తాతగారు వచ్చిరి. పరుపుచుట్ట కట్టుటకు త్రాడు కూడ తెచ్చుకొనిరి. తండ్రి లేని పిల్లవాడు. ఉన్నది రెండెకరములు. ఫీజు ప్రభుత్వము కట్టినను తిండికి, బసకు, పుస్తకములకు కావలసినది ఇంటినుండియే రావలెను. "మాష్టారూ, వీడికి రాని చదువునకు అప్పు చేయుట న్యాయమా? మీరే చెప్పుడు" అనిరి. చెప్పుటకు నాకు నోరాడలేదు. ఆ సాయంకాలము కూటమున వెనుక బల్లమీద కూర్చుండుడని మాత్రము కోరితిని.

ఆనాటి లెక్క యాంత్రికశాస్త్రములోనిది. ఒక దూలము ఆధారముమీద నిలిచియున్నది. ఒక ప్రక్క 6 అడుగుల దూరమున 24 కిలోల బరువు. రెండవ ప్రక్క 2 అడుగుల దూరమున ఎంత బరువున్న దూలము సమముగా నిలుచును? పిల్లవాడు ఇంగ్లీషున సూత్రము వల్లించుచున్నాడేగాని చేయి కదలుట లేదు. వెనుకనుండి పెద్దాయన, "అది ఏతపు మ్రాను గదరా!" అనిరి. అందఱును వెనుదిరిగిరి. "ముందు పొడుగు, వెనుక పొట్టి. మూడింట నొకవంతు పొట్టియైన, రాయి మూడింతలు కావలెను." ఆఱును ఇరువదినాలుగును హెచ్చవేసిన 144. దానిని రెండిట భాగించిన 72 కిలోలు. మనుమడు బల్లమీద వ్రాసెను. జవాబు సరియే.

అంతటితో ఆగినచో నేనీ కథ మీకు చెప్పియుండను. పెద్దాయన తల యడ్డముగ త్రిప్పి, "కాని అంత రాయి ఎవడును కట్టడు" అనిరి. ఏల యని యడిగితిని. "నిండు బానకు సరిపడ రాయి కట్టిన, వట్టి బానను నూతిలోనికి దింపుటకు ప్రాణము పోవును. నీటి బరువులో సగమునకే కట్టవలెను. దించుట కెంత కష్టమో తోడుట కంతే కష్టము" అని సెలవిచ్చిరి. నేను నిర్ఘాంతపోయితిని. బాన 4 కిలోలు, నీరు 20 కిలోలు అనుకొన్నచో, బానకును సగము నీటికిని కలిపి 14. దానిని ఆఱుతో హెచ్చవేసి రెండిట భాగించిన 42 కిలోల రాయి చాలును. అప్పుడు దించుటకు 10 కిలోల బలము, తోడుటకును 10 కిలోల బలమే. "మఱి మ్రాను బరువు ఏ లెక్కలో వేసితిరి?" అని తరువాతి ప్రశ్న. నా కాగితమున రెండవ లెక్క సరిగా నదియే. ఆ రాత్రి పిల్లలు తొమ్మిదిన్నరవఱకు కదలలేదు. మనుమడు తాతగారి మాటను సమీకరణముగా మార్చి తోటివారికి రెండుమారులు వివరించెను. వాడు నలుగురి యెదుట నోరు తెఱచుట నేను వినుట అదియే మొదలు.

తాతగారు వానిని తీసికొనిపోలేదు. త్రాడుమాత్రము తీసికొనిపోయిరి. తప్పిన పేపర్లలో ఒకటి అనుబంధ పరీక్షలో గట్టెక్కినది. రెండవది మఱుసటి యేడుగాని కాలేదు. గొప్ప మార్కులు రాలేదు. చదువు ముగించి యిప్పుడు నీటి పంపుల మరమ్మతు, స్థాపన పనిలో ఉన్నాడు.

ఇంటి దగ్గఱ మీరు చేయగల పనిని గుఱించి కొంత. సంక్రాంతికి పిల్లవాడు వచ్చినపుడు ఎన్ని మార్కులని మొదట అడుగకుడు. ఏమి చదివితివో నాకు చెప్పుమని యడుగుడు. మీకు అర్థము కాకపోయినను నష్టము లేదు. పుస్తకము మూసి చెప్పుటలో ఒక బలమున్నది. 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు రోడిగర్, కార్పిక్ అనువారు ఒక పరీక్ష చేసిరి. ఒక పాఠమును కొందఱు విద్యార్థులు నాలుగుమారులు చదివిరి. మఱికొందఱు ఒక్కమారు చదివి, మూడుమారులు చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషములకు అడిగినపుడు నాలుగుమారులు చదివినవారే మెఱుగు. వారము గడచిన పిమ్మట అడుగగా, వారికి నూటికి 40 పాళ్లు, వ్రాసినవారికి 61 పాళ్లు జ్ఞప్తియందుండెను. తెల్లవార్లు పుస్తకము ముందువేసికొని చదివినవాడు పరీక్షలో మఱచిపోవుటకు కారణమిదియే. ఆ మఱపును సోమరితనమని తిట్టకుడు.

సెల్‌ఫోను చూచుచున్నాడని మీలో పలువురు నాతో మొఱపెట్టుకొన్నారు. నిజమే, దానితో చెడినవారు కలరు. అయినను ఏమి చూచుచున్నాడో ఒకమారు ప్రక్కన కూర్చుండి చూడుడు. మన దేశపు ఐఐటీలును, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థయు కలిసి 2003లో ఎన్‌పీటెల్ అను పేర ఆరంభించిన కార్యక్రమమున మేటి ఆచార్యుల పాఠములు వెల లేకుండ దొరకుచున్నవి. నా కాలమున అట్టి పాఠము వినవలెనన్న మద్రాసుకో, బొంబాయికో పోవలెను. కాని ఆ పాఠము వినుచున్న పిల్లవానికి సందియము కలిగినచో ఫోను వాని ముఖము చూచి గ్రహింపలేదు. అందుకే నలుగురు కూర్చుండు చోటు కావలెననుచున్నాను.

మఱియొకటి. కోతలకు, పెండ్లిండ్లకు, తిరునాళ్లకు పిల్లవానిని పిలిపించునపుడు పరీక్షల తేదీలు కనుగొనుడు. సెమిస్టరు పద్ధతిలో నాలుగైదు నెలలకే పాఠములు ముగియును. పదిదినములు తప్పిన రెండు అధ్యాయములు తప్పినట్లే. మా కూటమున సంక్రాంతి ముందు ఉండినవారిలో సగముమంది పండుగ దాటిన వారమునకుగాని మఱల కనబడెడివారు కారు. వారినేమనగలను? నేనును అట్లే చేసినవాడను.

నేను ఉద్యోగవిరమణ చేసితిని. కూటమును ఇప్పుడు మా పూర్వవిద్యార్థిని యొకతె నడుపుచున్నది. ఆమెయు ఈసెట్ ద్వారమున వచ్చి రెండవ సంవత్సరపు గణితము తప్పినదే. మంగళ, గురు, శనివారములలో సాయంకాలము ఆఱుగంటలకు భోజనశాలలో బల్లలు వేయుదురు. మీరు పిల్లవానిని చూడవచ్చునపుడు ఆ వేళకు రండు. వెనుక బల్లమీద చోటుండును, టీ ఇత్తురు. తోచినమాట లోపల దాచుకొనక పైకి చెప్పుడు.

సెలవు.