వెన్నుపాము కణితి: కత్తికి ముందు చిత్రం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఎక్స్‌రే విభాగంలో టెక్నీషియనుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. కళ్లారా చూసిన విషయం నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

వెన్నుపాము చిటికెనవేలంత లావు ఉంటుంది. కాళ్ల కదలిక, స్పర్శ, మలమూత్రాల అదుపు అన్నీ దాని గుండానే సాగాలి. చుట్టూ ఎముక గొట్టం. లోపల కణితి పెరిగితే పాము తప్పుకోవడానికి చోటుండదు.

1887లో లండనులో విక్టర్ హార్స్‌లీ అనే సర్జను అటువంటి కణితిని తీశారు. అప్పటికి ఎక్స్‌రేయే లేదు. రోగికి స్పర్శ ఎంతవరకు పోయిందో చూసి చోటు అంచనా కట్టారు. మొదట తెరిచినచోట కణితి కనబడలేదు. ఇంకా పైకి వెళ్లాక దొరికింది.

నా ఉద్యోగపు తొలిరోజుల్లో మైలోగ్రాం తీసేవాళ్లం. నడుములో సూదితో మందు ఎక్కించి, బల్లను వంచుతూ ఫిల్ములు తీయడం. మందు ఆగినచోట అడ్డున్నట్లు లెక్క. మనకు కనిపించేది నీడ మాత్రమే.

ఎం.ఆర్.ఐ. వచ్చాక పాము స్వయంగా కనిపించింది. గెడోలినియం మందు ఇస్తే చాలా కణితులు తెల్లగా మెరుస్తాయి. ఏ పూస ఎదుట ఉంది, పాముకు వెలుపలా లోపలా, చుట్టూ నీటితిత్తి ఉందా అన్నది ముందే తెలుస్తుంది. మెనింజియోమా సాధారణంగా పాము వెలుపల ఉండి దాన్ని నొక్కుతుంది. చాలామందిలో పూర్తిగా తీయవచ్చు. ఎపెండిమోమా లోపల పెరిగినా తరచు అంచు తెలుస్తుంది. ఆస్ట్రోసైటోమా తంతువుల్లో కలిసిపోతుంది. అంతా తీయబోతే కాళ్లే పోవచ్చు. ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి అన్న ఆలోచన ఈ చిత్రంతోనే మొదలవుతుంది.

ట్రాక్టోగ్రఫీ అనే కొత్త పద్ధతి నరాల తంతువులు పక్కకు ఒత్తుకుపోయాయా, కణితి మధ్యనుంచి పోతున్నాయా అని సూచిస్తుంది. అయితే పాము సన్నం. ఊపిరితో, గుండె కొట్టుకోవడంతో కదులుతుంది. అందుకే దాన్నొక్కదాన్నే నమ్మరు. ఆపరేషనులో మైక్రోస్కోపుతో చూస్తూ, నరాల సంకేతాలను యంత్రం మీద గమనిస్తూ ముందుకు వెళతారు.

ఇక మన సంగతి. కాలి చెప్పు జారిపోయినా తెలియకపోవడం, కాళ్లు బిగుసుకోవడం, పడుకుంటే వెన్నునొప్పి పెరగడం, మూత్రం పట్టు తప్పడం – వీటిని “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోకండి. కారణాలు ఎన్నో ఉండవచ్చు, చూపించుకుంటేనే తెలుస్తుంది. వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. మెనింజియోమాలు ఎక్కువగా ఛాతీ భాగంలో వస్తాయి. నడుము స్కాను బాగానే ఉన్నా కాళ్లు బలహీనపడుతుంటే, పైభాగం కూడా చూడాలా అని డాక్టరుగారిని అడగండి. పేస్‌మేకరు, కిడ్నీ జబ్బు ఉంటే స్కానుకు ముందే చెప్పండి.

ఆపరేషను నాటికి నడక ఎంత మిగిలి ఉందన్నదాన్ని బట్టే తర్వాతి నడక చాలావరకు ఉంటుంది. ఎంత మంచి చిత్రమైనా పోయిన బలాన్ని తిరిగి తేలేదు. కాలు తడబడిన నాడే కదలండి.