దుకాణపు రేడియో - పాటకు రుసుము



ఆర్మూరునకు నవసిద్ధుల గుట్ట ఎట్లు గుర్తో, మాఘ ఫాల్గుణ మాసములందు పసుపు వాసనయు అట్లే గుర్తు. నేల త్రవ్వి తీసిన పసుపును ఉడుకబెట్టి, కళ్లములయందు ఎండబోసి, డ్రమ్ములలో త్రిప్పి మెరుగుపెట్టి, కొమ్మును గోళను వేరుపరచి, సంచుల కెత్తి నిజామాబాదు గంజికి పంపువఱకు ఎన్ని చేతులు పనిచేయవలయునో మీకు నేను చెప్ప నక్కఱలేదు. ఆ చేతులకు తోడు బీడీలు చేయు స్త్రీల చేతులు గలవు. కుట్టుమిషను త్రొక్కు దర్జీలు గలరు. క్షౌరశాలలు, సైకిలు మరమ్మతు దుకాణములు, చాయ హోటళ్లు గలవు. ఇట్టి పనిచోట్ల పెక్కింట ఒక మూల రేడియో పాడుచుండును. పెట్టె లేనిచోట చేతిఫోనైనను పాడుచుండును. పనిచేయునది చెయ్యి, వినునది చెవి. ఒకదాని కొకటి అడ్డురాదు. పాట వినబడుచుండగా ప్రొద్దు గడచుట తెలియదు.

అట్టి దుకాణమునకు ఒకనాడు ఒక కాగితము వచ్చి, "నీవు వినిపించు పాటలకు రుసుము చెల్లింపుము, లేనిచో న్యాయస్థానమునకు రావలసియుండును" అని చెప్పినచో, దుకాణదారుడు ఎవరియొద్దకు పోవును? ఊరి పెద్దలయొద్దకే పోవును. కావున ఆ కాగితమునందలి న్యాయ మెంతయో, భయ మెంతయో విడదీసి మీకు మనవి చేయుటకై నేడు మాటాడుచున్నాను.

మొదట ఒక పొరపాటు తొలగింపవలయును. "రేడియో లైసెన్సు ఏనాడో రద్దయినది గదా, మరల రుసుమేమి?" అని కొంద ఱనుచుందురు. మీలో వయసు మీఱినవారికి ఆ లైసెన్సు పుస్తకము జ్ఞాపక ముండును. 1933వ సంవత్సరపు వైర్లెసు చట్టము ననుసరించి, రేడియో పెట్టె ఉంచుకొనువారు తపాలా కచేరిలో ఏటేట రుసుము చెల్లింపవలసి యుండెను. అది 1980ల దశకమునందు తొలగింపబడినది. కాని అది పెట్టెకు ప్రభుత్వము గొన్న రుసుము. నేను చెప్పునది పాటకు పాట యజమాని యడుగు రుసుము. ఈ రెంటికిని సంబంధము లేదు.

పాటకు యజమాని యెవడు? పొలమునకు హద్దురాళ్లున్నవి, పసుపు సంచికి తూక మున్నది. గాలిలో పోవు పాటను ఎట్లు పట్టుకొనుట? ఈ ప్రశ్నకు పారిసు నగరమున 1847లో ఒక విచిత్రమైన జవాబు వచ్చినది. ఎర్నెస్టు బూర్జే యను పాటల రచయిత యొక పానశాలకు పోయి, అచ్చట తన పాటనే వినిపించుచుండగా వినెను. చక్కెర నీళ్ల వెల యడుగగా, "నా పాటకు మీరు వెల యీయలేదు, మీ నీళ్లకు నే నీయను" అనెను. తగవు న్యాయస్థానమున కెక్కి రచయితయే గెలిచెను. 1851 నాటికి పాటలు కట్టువారి తరఫున రుసుము వసూలుచేయు సంఘ మా దేశమున నేర్పడెను. నేడు లోకమంతట నున్న ఇట్టి సంఘములకు మూల మిదియే.

మన దేశమున ఈ హక్కును నిర్ణయించునది 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము. దాని ప్రకారము పాటయందు రెండు పొరలు గలవు. సాహిత్యమును, వరుసయు మొదటి పొర. అవి కట్టినవాని జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును ఆ హక్కు నిలుచును. రికార్డు చేయబడిన ధ్వని రెండవ పొర. దాని హక్కు అది వెలువడిన మఱుసటి సంవత్సరారంభము మొదలు 60 ఏండ్లు. 1960లో మొదట వెలువడిన రికార్డు హక్కు 2020తో ముగిసినది. త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. ఆయన కృతులపై నేడెవరికిని రుసుము హక్కు లేదు. కాని నిన్న మొన్న ఒక విద్వాంసుడు పాడిన ఆ కృతి రికార్డుపై హక్కు వేఱుగా నుండును. ఒకే పాటకు ఇద్దఱు వేర్వేఱు సంఘములవారు రుసుము గోరుటకు కారణ మీ రెండు పొరలే.

"ఆకాశవాణి పాటకు చెల్లించియే ప్రసారము చేయుచున్నది. మరల నేనేల చెల్లింపవలయును?" అని దుకాణదారు డడుగును. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. పెద్ద పెద్ద న్యాయమూర్తులు సైతము దీనిపై ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఇంగ్లండునందు 1934లో హోటలువారు రేడియో వినిపించిన తగవున, అది బహిరంగముగా వినిపించుటయే యని తీర్పు వచ్చినది. యుద్ధకాలమున కార్ఖానాలలో పనివారి యలసట తీర్చుటకై బీబీసీవారు 1940లో ప్రత్యేక సంగీత ప్రసార మారంభించిరి. 600 మంది పనివారు గల ఎర్నెస్టు టర్నరు కార్ఖానాలో పాటలు వినిపింపగా 1943లో వ్యాజ్యము నడచినది. "వీరు మా పనివారే, బయటివా రెవరును లేరు" అని యజమానులు వాదించిరి. న్యాయస్థాన మంగీకరింపలేదు. కార్ఖానా ఇల్లు గాదు, పనివారు కుటుంబము గారు, పాటచే లాభము యజమానికిని గలదు, కావున రచయితకు భాగ మీయవలయునని నిర్ణయించినది.

అమెరికాలో మాత్రము తీర్పు మఱొకరీతిగా వచ్చినది. పిట్సుబర్గు నగరమున ఐకెను అను నతడు కోడిమాంసపు వేపుడమ్ము చిన్న దుకాణము నడుపుచు, ఒక రేడియోకు నాలుగు స్పీకర్లు తగిలించెను. మన అంకాపూరు కోడికూర దుకాణములవంటి దొకటి మనసున నూహించుకొనుడు. 1975లో ఆ దేశపు సుప్రీంకోర్టు, రేడియో త్రిప్పి వినుట పాట ప్రదర్శించుట గాదని అతనిని విడిచిపెట్టెను. తరువాత 1998లో అక్కడి శాసనసభ రెండువేల చదరపుటడుగులకు లోబడిన దుకాణములకును, అంతకు కొంత పెద్దవైన భోజనశాలలకును రేడియో పాటపై రుసుము మాన్పెను. కాని యూరపు దేశములు ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసినవి. ఆ మినహాయింపు భోజనశాలలలో అధికభాగమునకు వర్తించుచున్నదనియు, అంత విశాలముగా నుండుట అంతర్జాతీయ ఒప్పందములకు విరుద్ధమనియు 2000లో తీర్మానమైనది. అయినను ఇంటిపాటి యంత్రమునకు సంబంధించిన మిక్కిలి ఇరుకైన మినహాయింపు ఒకటి మాత్రము నిలిచినది. 2012లో యూరపు న్యాయస్థానముకూడ, ఇటలీలో ఒక దంతవైద్యుడు తన గదిలో రోగులకు వినిపించిన పాటల రికార్డులకు రుసుము అక్కఱలేదనెను. రోగులు కొద్దిమందియే, వారు వచ్చినది పంటికొఱకు గాని పాటకొఱకు గాదు గదా! ఈ తీర్పులవలన నాకు తోచిన దేమనగా, పెద్ద తలుపు తెఱచుటకు లోక మొప్పకపోయినను, చిన్నవానికి చిన్న తలుపు తెఱచుట అసాధ్యము గాదు.

ఇక మన చట్టమేమనుచున్నదో వినుడు. ప్రసారసంస్థకు గల హక్కు, వినుటకు జనులయొద్ద డబ్బు గొన్నప్పుడు మాత్రమే భంగమగును. ఊరకే వినిపించువానిపై ఆ హక్కు పనిచేయదు. కాని పాట కట్టినవాని హక్కు, రికార్డు యజమాని హక్కు వేఱు. నివాసగృహ సముదాయములందు నివాసులకొఱకు ఏర్పఱచిన గదిలోను, లాభాపేక్ష లేని సంఘములలోను రికార్డు వినిపించుటకు మినహాయింపు గలదు. దైవకార్యములకును, ప్రభుత్వోత్సవములకును గలదు. పెండ్లి ఊరేగింపును, పెండ్లికి సంబంధించిన వేడుకలును అందు చేరియున్నవి. గృహస్థుడు తన ఇంట వినుటకు ఏ రుసుమును లేదు. కాని వ్యాపారముచేయు చిన్న దుకాణమునకు ప్రత్యేకమైన మినహాయింపు మన చట్టమున కనబడదు. తెలిసి హక్కు భంగపఱచినవానికి ఆఱు నెలలు మొదలు మూడేండ్లవఱకు కారాగారము, 50 వేలు మొదలు రెండు లక్షల రూపాయలవఱకు జరిమానా వ్రాయబడియున్నవి. వ్యాపారలాభమునకై చేయలేదని తోచినచో తగ్గించు నధికారము న్యాయస్థానమునకు గలదు. నలుగురు కూర్చుండు దర్జీ దుకాణమును, నాలుగు అంతస్తుల హోటలును ఒకే త్రాసున తూచుట నాకు న్యాయముగా తోచదు.

అట్లని పాట కట్టినవానిని మఱువరాదు. వాని చరిత్ర మన రైతు చరిత్రవంటిదే. 1969లో బొంబాయిలో రచయితల, స్వరకర్తల సంఘమైన ఐపీఆరెస్ ఏర్పడినది. 1977లో సుప్రీంకోర్టు, సినిమాకై కట్టిన పాట, వేఱు ఒప్పందము లేనిచో, నిర్మాతదే యని తీర్పు చెప్పినది. విత్తినవా డొకడు, పంట మఱొకనిది. జస్టిసు కృష్ణయ్యరుగా రా తీర్పుతోపాటు, పాడువారికి హక్కు లేకపోవుట కొఱతయని వేఱుగా వ్రాసిరి. 1994లో పాడువారికి కొంత హక్కు వచ్చినది. 2012 సవరణతో, సినిమాహాలు వెలుపల పాట వాడబడినప్పుడు వచ్చు రాబడిలో కవికిని స్వరకర్తకును సమభాగ ముండవలెననియు, ఆ భాగమును వ్రాయించుకొన్నను చెల్లదనియు శాసనమైనది. కావున పాట రుసుము అన్యాయమని నే ననను. గంజిలో పసుపునకు వచ్చిన ధర రైతు చేతి కందుచున్నదా, నడుమనే నిలిచిపోవుచున్నదా యని మన మడుగుచుందుము గదా. దుకాణదారు డిచ్చు రుసుమును గూర్చియు అట్లే అడుగవలయును: ఇది పాట కట్టినవానికి చేరుచున్నదా?

ఎవరు వసూలు చేయవచ్చు ననునదియు తగవులోనే యున్నది. చట్టము 33వ విభాగము క్రింద నమోదైన కాపీరైటు సంఘములు వసూలు చేయవచ్చును. ఐపీఆరెస్ 2017లో మరల నమోదైనది. రికార్డుల తరఫున ఆర్ఎంపీఎల్ అను సంఘము 2021లో నమోదైనది. నమోదు లేని సంస్థలు, తామే హక్కుదారులమని చెప్పి అనుమతి పత్రము లీయవచ్చునా? కూడదని మద్రాసు ఉన్నత న్యాయస్థానము 2021లోను, ఈయవచ్చునని బొంబాయి న్యాయస్థానము 2024 జనవరిలోను, కూడదని ఢిల్లీ న్యాయస్థానము 2025 ఏప్రిలులోను పలికినవి. ఢిల్లీ తీర్పుపై తగవు అదే నెలలో సుప్రీంకోర్టున కెక్కినది. న్యాయమూర్తులకే భేద మున్నచోట, సైకిలు బాగుచేయువా డేమి తెలిసికొనగలడు?

కావున మీ యొద్దకు ఎవరైన అట్టి కాగితముతో వచ్చినచో, ఈ కొన్ని మాటలు చెప్పుడు. మొదటిది, భయపడి ఆ క్షణముననే రొక్క మీయవలదు. అట్లని కాగితమును చింపి పాఱవేయవలదు. రెండవది, వచ్చినవాడు ఏ సంస్థవాడో, ఆ సంస్థ నమోదైనదో కాదో, ఏ పాటలపై ఏ పొర హక్కు తమదో వ్రాతమూలముగా నడుగుడు. మూడవది, నమోదైన సంఘము తన రుసుముల పట్టికను ప్రకటింపవలయునని 33ఏ విభాగము చెప్పుచున్నది. ఆ పట్టికలో మీ దుకాణపు తరగతికి వ్రాసిన మొత్తమును చూపుమనుడు. అది అన్యాయమని తోచినచో అప్పీలుచేయు హక్కును చట్టమే యిచ్చినది. నాలుగవది, చెల్లించినచో రసీదు గొని, ఏ కాలమునకో వ్రాయించుకొనుడు. ఐదవది, ఒక్కొక్కడు వేఱుగా గాక, దర్జీలు, హోటలువారు, పసుపు మెరుగుపెట్టువారు కలిసి మాటాడుడు. పది దుకాణములు కూడి వకీలును సంప్రదించినచో ఖర్చు ఒక్కొక్కరికి స్వల్పమే యగును.

ఇది నేటికి చేయదగిన పని. రేపటికి చేయదగినది మఱొకటి గలదు. ఒక సాధారణమైన పెట్టెతో, వినుటకు డబ్బు గొనక, కొద్దిమంది పనిచేయు చిన్నచోట రేడియో వినుటకు రుసుము వలదని పార్లమెంటు ఒక చిన్న సవరణ చేయవలయునని నా యభిప్రాయము. పెద్ద హోటళ్లు, పెద్ద అంగళ్లు చెల్లించు రుసుము రచయితకు చేరుచుండనిండు; అందుకు నే నడ్డుపడను. కాని బీడీలు చేయు స్త్రీ దినమంతయు చాట ముందు కూర్చుండి వినుచున్న పాట, యజమాని భయమువలన ఆగిపోయినచో, రచయితకు ఒక్క పైసయు రాదు. ఆమెకు ఒక్క పాటయు మిగులదు. ఇరువురును నష్టపోవుదురు.

"మా మాట ఢిల్లీలో వినబడునా?" అని సందేహింపకుడు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది నిలిచిరి. వారిలో అధికులు పసుపు, ఎఱ్ఱజొన్న రైతులే. 2025 జనవరిలో నిజామాబాదు ముఖ్యస్థానముగా జాతీయ పసుపు బోర్డు ఆరంభమైనది. అన్ని కష్టములును దానితో తీరినవని నే ననను. కాని అడిగినవాని మాట ఆలస్యముగానైన చెవికెక్కు నని ఈ జిల్లా చూపినది. పసుపునకై అంత అడిగిన జిల్లా, పాటకై ఒక చిన్న మాట అడుగలేదా? మీ గ్రామ పంచాయతీలు, వర్తక సంఘములు ఒక్కొక్క తీర్మానము వ్రాసి మీ పార్లమెంటు సభ్యునకు పంపుడు. అందు రచయిత భాగమును కాపాడుమనియు, చిన్న దుకాణమును విడువుమనియు రెండు మాటలును ఉండవలయును. ఒకటి వ్రాసి రెండవది విడిచినచో మన కోరిక న్యాయము గాదు.