ప్రొఫెసర్ల యూనియన్‌కి ఎన్నికలతో ఏం పని?

(ఫోరం సమావేశంలో కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగానికి పాఠం)



"పంతుళ్ళు పాఠాలు చెప్పుకోక ఎన్నికలెందుకండీ?" అని మనవాళ్ళు తరచు అడుగుతుంటారు. కంపెనీల్లో పనిచేసేవారికి ఈ సందేహం రావడం సహజమే. మీ జీతం గురించి మీరు మేనేజరుతో మాట్లాడుకుంటారు. కంపెనీ దగ్గర డబ్బుందా లేదా అన్నది మీ వీధిలో ఉండే ఓటరు తేల్చడు. మా సంగతి అలా కాదు. మేం బేరమాడేది పూజారితో, వరం ఇవ్వాల్సిన దేవుడు శాక్రమెంటోలో ఉన్నాడు.

ఒక ఉదాహరణ చెబుతాను. 2024 జనవరి 22న కాలిఫోర్నియా ఫ్యాకల్టీ అసోసియేషన్, అంటే మా యూనియన్, అప్పటికున్న 23 కాంపస్‌లలోనూ సమ్మె చేసింది. ఐదు రోజులనుకున్నది ఒక్క రోజుతో ముగిసింది. యూనియన్ అడిగింది 12 శాతం. కుదిరింది, 2023 జూలై నుంచి లెక్కగట్టి 5 శాతం, 2024 జూలైలో మరో 5 శాతం. అయితే ఆ రెండో 5 శాతానికి ఒక మెలిక పెట్టారు: రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీకిచ్చే మూల నిధుల్లో కోత పెట్టకపోతేనే అది వస్తుంది. వానలో నిలబడి సమ్మె చేసి సంపాదించిన కాగితం మీద కూడా ఆఖరి మాట శాసనసభ బడ్జెట్‌దే అని రాసి ఉందన్నమాట. తక్కువకి ఒప్పుకున్నారని యూనియన్‌లోనే చాలామంది కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమే కావచ్చు, కానీ ఎక్కువ ఒప్పుకున్నా ఆ మెలిక మాత్రం ఎక్కడికీ పోయేది కాదు.

యూనివర్సిటీని నడిపే 25 మంది ట్రస్టీల్లో ఎక్కువమందిని నియమించేది గవర్నరు. గవర్నరు, లెఫ్టినెంట్ గవర్నరు, అసెంబ్లీ స్పీకరు, రాష్ట్ర విద్యాధికారి తమ పదవి రీత్యానే ట్రస్టీలు. ఈ నలుగురూ ఎన్నికల్లో గెలిచి వచ్చినవాళ్ళే. మరి యూనియన్ ఎన్నికల జోలికి పోకూడదంటే ఏమిటి అర్థం? మా యజమానుల్ని అందరూ ఎన్నుకోవచ్చు, మేం తప్ప అనే కదా!

ఇదంతా మీ జీతాల గొడవ, మాకేం సంబంధం అంటారేమో. 2023 సెప్టెంబరులో ట్రస్టీలు ట్యూషన్‌ని ఐదేళ్ళపాటు ఏటా 6 శాతం చొప్పున పెంచాలని తీర్మానించారు. రాష్ట్ర విద్యార్థికి ఏడాదికి 5,742 డాలర్లుండేది 2028-29 నాటికి 7,682 అవుతుంది. యూసీ, స్టాన్‌ఫర్డ్ పేర్లు తప్ప మన విందుల్లో వేరే పేరు వినపడదు గానీ, శాన్ హోసేలోనూ, పొమోనాలోనూ, శాన్ లూయిస్ ఒబిస్పోలోనూ మన పిల్లలు బోలెడంతమంది చదువుతున్నారు. ఆ పెంపు వాళ్ళ ఇంటికీ వస్తుంది.

ఎన్నికలకీ ఫీజుకీ ఉన్న లంకె సూటిగా కనిపించింది 2012లో. 1978 నాటి ప్రొపొజిషన్ 13 వల్ల పన్ను పెంచాలంటే శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. అది దొరక్క గవర్నర్ జెర్రీ బ్రౌన్ ప్రొపొజిషన్ 30 పేరుతో నేరుగా ఓటర్ల దగ్గరికి వెళ్ళాడు. ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద ఏడేళ్ళ పాటు అదనపు పన్ను, అమ్మకపు పన్నులో నాలుగేళ్ళ పాటు పావు శాతం పెంపు. ఓడిపోతే మా యూనివర్సిటీకి 25 కోట్ల డాలర్ల కోత ఖాయమని ముందే చట్టంలో రాసిపెట్టారు. మా యూనియన్ దానికోసం ప్రచారం చేసింది. 55 శాతం ఓట్లతో నెగ్గింది. ఆ ఫాల్ సెమిస్టరుకి పెంచిన 249 డాలర్లని విద్యార్థులకి తిరిగిచ్చారు. ఓటు వేసిన రెండు నెలల్లో ఇంటికి డబ్బు తిరిగొచ్చిన ఎన్నిక ఇంకొకటి నాకు గుర్తు లేదు. ఆ పన్ను కట్టినవాళ్ళు ఈ గదిలో చాలామంది ఉన్నారని తెలుసు, నన్ను చూసే చూపుల్లోనే తెలుస్తోంది.

యూనియన్ రాజకీయాలకి డబ్బు ఎవరిది అన్నది తర్వాతి ప్రశ్న. యూనియన్లు జీతంలోంచి కోసుకున్న చందాలని రాజకీయాలకి వాడడాన్ని కట్టడి చెయ్యాలని కాలిఫోర్నియా ఓటర్ల ముందుకి 1998లో, 2005లో, 2012లో మూడుసార్లు ప్రతిపాదనలొచ్చాయి. మూడుసార్లూ ఓటర్లు కాదన్నారు. చివరికి దెబ్బ సుప్రీంకోర్టు నుంచి తగిలింది. 2018 జేనస్ తీర్పు తర్వాత ప్రభుత్వోద్యోగుల యూనియన్లు సభ్యులు కానివారి దగ్గర ఒక్క పైసా కూడా బలవంతంగా వసూలు చెయ్యడానికి వీల్లేదు. ఇప్పుడు చందా కట్టేవాడు ఇష్టపడి చేరినవాడే కాబట్టి, "నా డబ్బు నాకు నచ్చని అభ్యర్థికి పోతోంది" అన్న ఫిర్యాదు మునుపటంత బలంగా నిలవదు. ఇక యూనివర్సిటీ సొత్తుతో ప్రచారం చెయ్యడానికి ఎప్పుడూ వీల్లేదు. ప్రజాధనంతో ఎన్నికల ప్రచారం కూడదని 1976లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు స్టాన్సన్ కేసులో చెప్పింది. ఆఫీసు ఈమెయిల్ నుంచి ఫలానావారికి ఓటెయ్యండని రాస్తే తప్పు తప్పే, ప్రొఫెసరైనా డీనైనా.

(టెక్సస్ నుంచి ఫోన్లో వింటున్న మిత్రులకి ఒక మాట: మీ దగ్గర చాలామంది ప్రభుత్వోద్యోగులకి సామూహిక బేరసారాల హక్కే లేదు. కనుక ఇదంతా మీకు కొంచెం వింతగానే ఉంటుంది.)

నాకు నిజంగా ఇబ్బందిగా అనిపించేది రాష్ట్ర ఎన్నికలు కాదు, స్థానిక ఎన్నికలు. మన రాష్ట్రంలో 73 కమ్యూనిటీ కాలేజీ డిస్ట్రిక్టులున్నాయి. దాదాపు అన్నిటి బోర్డుల్నీ స్థానిక ఓటర్లు ఎన్నుకుంటారు. ప్రొఫెసర్ల కాంట్రాక్టుని ఆమోదించేది ఆ బోర్డే. ఆ బోర్డు సభ్యుల్ని గెలిపించేందుకు పనిచేసేవారిలో ఆ ప్రొఫెసర్ల యూనియనూ ఉంటుంది. బల్లకి ఇటువైపు కూర్చునేవాళ్ళు అటువైపు ఎవరు కూర్చోవాలో కూడా చూసుకుంటున్నట్టే. బ్యాలెట్ అట్టడుగున ఉండే ఈ పోటీల దాకా చాలామంది ఓటర్లు రానే రారు. అందువల్ల ఒక యూనియన్ మద్దతుకి అక్కడ ఉన్న బరువు గవర్నర్ ఎన్నికలో ఉండదు.

దీనికి యూనియన్ మిత్రులు చెప్పే జవాబు తీసిపారెయ్యదగ్గది కాదు. బాండు ప్రచారాలకి కట్టడాల కంపెనీలు డబ్బిస్తాయి, తర్వాత కాంట్రాక్టుల కోసం వరసలో నిలబడతాయి. మేం మాత్రం ఇంట్లో కూర్చోవాలా అంటారు. నిజమే. క్యుపర్టీనో చుట్టుపక్కలవారికి 2020 మార్చి గుర్తుండే ఉంటుంది. ఫుట్‌హిల్-డి ఆంజా డిస్ట్రిక్టు ఒకే బ్యాలెట్ మీద రెండు అడిగింది. 89.8 కోట్ల డాలర్ల బాండు గెలిచింది. పార్సెల్‌కి 48 డాలర్ల పన్ను ఓడిపోయింది. బాండుకి 55 శాతం చాలు, పార్సెల్ పన్నుకి మూడింట రెండు వంతులు కావాలి. బాండు డబ్బుతో భవనాలు కట్టుకోవచ్చు, దాంట్లోంచి జీతాలివ్వడం కుదరదు. గోడలకి దొరికిన డబ్బు పాఠం చెప్పేవాడికి దొరకలేదు.

అయినా నా అభిప్రాయం ఇది: యూనియన్ మద్దతుతో గెలిచిన ట్రస్టీ, కాంట్రాక్టు ఓటింగుకి ముందు ఆ మాట బహిరంగ సమావేశంలో చెప్పాలి. మద్దతు ఎవరికన్నది తేల్చేటప్పుడు పార్ట్‌టైమ్ లెక్చరర్లకి సమానమైన మాట ఉండాలి. మా యూనివర్సిటీలో బోధించేవారిలో సగానికి పైగా తాత్కాలిక లెక్చరర్లే. రెండు మూడు కాలేజీల మధ్య కారులో బతుకు గడిపేవాడికి సాయంత్రం మీటింగుకి వచ్చే తీరికెక్కడిది? తీరిక ఉన్నవాళ్ళే నిర్ణయించేస్తారు.

మన ఊళ్ళలో పద్ధతి వేరు. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసనమండలిలో పన్నెండో వంతు స్థానాలు ఉపాధ్యాయులు ఎన్నుకునేవి. మండలి 1985లో రద్దై 2007లో తిరిగొచ్చాక, ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలొస్తే సంఘాల హడావిడి ఎలా ఉంటుందో మీకు తెలుసు. అక్కడ పంతుళ్ళకి సభలో కుర్చీ ఉంది. ఇక్కడ కుర్చీ లేదు కాబట్టి ఇంటింటి తలుపూ కొట్టాలి. నాకైతే ఈ రెండోదే మేలనిపిస్తుంది. పంతుళ్ళు పంతుళ్ళని మాత్రమే ఒప్పిస్తే చాలదు, ఫీజు కట్టే తండ్రినీ ఒప్పించాలి.

మనవాళ్ళలో చాలామంది ఈ యూనియన్ పేరు మొదటిసారి విన్నది 2022 జనవరిలో, యూనివర్సిటీ తన వివక్ష నిరోధక విధానంలో కులాన్ని చేర్చినప్పుడు. దాని వెనక అధ్యాపకుల కాంట్రాక్టులో వచ్చిన మార్పు ఉంది. నేను దానికి అనుకూలుణ్ణి, కాదనే మిత్రులు ఈ గదిలోనే ఉన్నారు. 2023లో గవర్నరు వీటో చేసిన ఎస్‌బీ 403 బిల్లు సమయంలో రెండు పక్షాలూ బస్సులు కట్టించుకుని శాక్రమెంటో వెళ్ళాయి. అదే ఉత్సాహంతో కాలేజీ బోర్డు అభ్యర్థుల సభకి వచ్చినవారిని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

చివరగా వీసాల సంగతి, ఎందుకంటే దీని మీద అపోహలెక్కువ. హెచ్-1బి మీద బోధించేవారు యూనియన్‌లో నిక్షేపంగా చేరవచ్చు. కానీ అభ్యర్థికి గానీ, రాజకీయ కమిటీకి గానీ చందా ఇవ్వకూడదు. ఈ నిషేధం ఫెడరల్ ఎన్నికలకే కాదు, రాష్ట్ర, స్థానిక ఎన్నికలకీ వర్తిస్తుంది. యూనియన్‌లో చేరేటప్పుడు రాజకీయ నిధికి వేరే గడి ఉంటే ఖాళీగా వదిలెయ్యండి. జీతం లేకుండా స్వచ్ఛందంగా ప్రచారంలో సాయపడవచ్చు గానీ, ఎవరికి మద్దతివ్వాలి, డబ్బెక్కడ ఖర్చుపెట్టాలి అనే నిర్ణయాల్లో కలగజేసుకోకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు చందా ఇవ్వవచ్చు, ఓటు వెయ్యకూడదు. పొరపాటున వేసినా దేశం నుంచి పంపించే దాకా పోవచ్చు. పౌరులైనవారికి ఏ అడ్డూ లేదు. మీ చిరునామా ఏ కాలేజీ డిస్ట్రిక్టులో, ఏ ట్రస్టీ ఏరియాలో పడుతుందో కౌంటీ రిజిస్ట్రార్ వెబ్‌సైట్లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. విరామంలో నా దగ్గరికొస్తే ఫోనులో చూపిస్తాను. ఇక ప్రశ్నలుంటే అడగండి.