పరభాషలోని శాసనము – మాడపాటివారి వకాల్తా
(మధిర పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



అమెరికా సంయుక్తరాష్ట్రములలో 1809వ సంవత్సరమున అడవిసీమలోని పేదయింట జనించి, స్వయంకృషిచే ధర్మశాస్త్రము నభ్యసించి, న్యాయవాదియై, 1861లో దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకను చరిత్రమును మీలో పెక్కురు చదివియుందురు. ఆ చరిత్రము చదివినప్పుడెల్ల మన పొలిమేరలో బుట్టిన యొక వకీలు నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు. వారే మాడపాటి హనుమంతరావు పంతులుగారు.

పంతులుగారు 1885 జనవరి 22వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలో జన్మించిరి. నందిగామ మనకు పొరుగే. కాని యానాడు నడుమ నొక యెల్ల యుండెను. ఆవల ఆంగ్లేయుల యేలుబడి, ఈవల నిజాము రాజ్యము. బాల్యముననే యా యెల్ల దాటి, సూర్యాపేటలో మేనమామగారి యింట పెరిగి, హనుమకొండలో చదివి, కొంతకాలము సర్కారు కొలువు చేసి, 1917లో వకీలు పరీక్షయందు గెలుపొంది హైదరాబాదున వృత్తి నారంభించిరి.

ఆ రాజ్యపు ప్రజలలో దాదాపు సగముమంది తెలుగువారు. కచ్చేరీల భాష మాత్రము ఉర్దూ. 1921 నవంబరులో వివేకవర్ధని మందిరమున కార్వేపండితుని యధ్యక్షతను సంఘసంస్కరణసభ జరిగెను. అందు ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేవగా సభలోనివారు గేలిచేసిరి. ఆ రాత్రియే కొందరు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. దాని భారమును పంతులుగారు వహించిరి.

వా రేమి చేసిరి? ఉద్యోగి గ్రామమునకు వచ్చెనా, కూలివాడు మూటలు మోయవలెను, కుమ్మరి కుండలీయవలెను, కోమటి సరకు లీయవలెను. కూలి లేదు, వెల లేదు. ఇది వెట్టి. ఇట్టి నిర్బంధములకు హద్దులు విధించు ఉత్తరువులు సర్కారు దస్త్రములలో నుండనే యుండెను. కాని యవి యుర్దూలో నుండుటచే మోయువాడు వానిని చదువజాలడు. మోయించువాడు చదివి చెప్పడు. సంఘమువారు వానిని సేకరించి తెలుగున చిన్నపొత్తములుగా నచ్చొత్తించి పంచిరి. న్యాయవాది చేయదగిన మహాకార్య మిదియే.

1928లో నారాయణగూడలో తెలుగు బాలికలకు పాఠశాల నెలకొల్పిరి. స్థానిక విశ్వవిద్యాలయ భాష ఉర్దూ యగుటచే, పూనాలోని కార్వేపండితుని మహిళావిశ్వవిద్యాలయమే దానికి దిక్కయ్యెను. తెలుగునకు పరాభవము జరిగిన సభకు అధ్యక్షుడైనవాడే తెలుగు బాలికలకు ద్వారము తెరచెను!

సభ జరుప ననుమతి కావలెనను గస్తీనిశాన్ 53 నెత్తిపై వ్రేలాడుచుండగనే 1930లో జోగిపేటయందు తొలి ఆంధ్రమహాసభ జరిగెను. 1934లో మన ఖమ్మమున మూడవది. 1935లో సిరిసిల్లయందు పంతులుగారి యధ్యక్షతను నాల్గవది.

విన్నపముల మార్గము మందగతియని యువకులు వీరి నాక్షేపించిరి. ఆ యాక్షేపణ నిరాధారము గాదు. 1944లో భువనగిరియందు మహాసభ చీలెను. పిమ్మట వెట్టి నెదిరించి రైతులు ప్రాణముల నొడ్డిరి. కాగితములచేతనే వెట్టి పోలేదు. అయినను, తాను మోయు బరువు దైవవిధి గాదు, అక్రమమని యెరుగనివా డెన్నడైన దానిని దించునా? ఆ యెరుకకు ఓనమాలు దిద్దించిన పంతులుగారు 1951లో హైదరాబాదు ప్రథమ మేయరై, 1970లో పరమపదించిరి.

మహాశయులారా! నిజాము పోయెను. కాని నేటికిని నా కక్షిదారు తన తీర్పును తాను చదువుకొనలేక, "అయ్యా, నేను గెలిచినానా, ఓడినానా?" యని నన్నే యడుగుచున్నాడు. అప్పుడు నేను సిగ్గుపడుదును. కావున వారమున కొక సాయంకాలము ఈ మందిరమున గూర్చుండి, ఎవరు తెచ్చిన నోటీసునైనను, తీర్పునైనను రుసుము లేక తెలుగున చదివి చెప్పుటకు నేను సిద్ధముగ నున్నాను. నా తోడి ప్లీడర్లలో నెవరు వత్తురో చేతులెత్తుడు!