చీటీ దాచుకోవలసిన జబ్బేనా?
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన తడలో షుగరు వచ్చిందని చెప్పుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. నాయకునికి గుండె ఆపరేషనైతే జాలిపడతాము. మరి మనసుకు జబ్బు చేస్తే? నాకు తెలిసిన ఒకాయన పంచాయతీ వార్డుకు పోటీ చేశాడు. దిగులుతో నిద్రపట్టక చెన్నై వెళ్లి మందులు తెచ్చుకొనేవాడు. ఊళ్లో మాత్రం "చుట్టాలింటికి పోయొస్తున్నా" అనేవాడు. డాక్టరు చీటీ ఎవరి కంటనైనా పడుతుందేమోనని ఎన్నికల ముందు మందులే మానేశాడు. ఆ రోజుల్లో ఇంటివాళ్లు పడిన అవస్థ నేనెరుగుదును.

ఆయన భయం ఉత్తది కాదు. ఎదుటివాణ్ణి "ఎర్రగడ్డకు పంపాలి" అనడం మన రాజకీయాల్లో మామూలు తిట్టు. అమెరికాలో 1972లో ఉపాధ్యక్ష అభ్యర్థి థామస్ ఈగిల్టన్, తాను దిగులు జబ్బుతో మూడుసార్లు ఆసుపత్రిలో చేరానని, కరెంటు చికిత్స కూడా చేయించుకొన్నానని జూలై 25న ఒప్పుకొన్నాడు. 31న పోటీనుండి తప్పుకోవలసి వచ్చింది. అయితే ఆయన పనితనం ఎరిగిన మిస్సోరీ ప్రజలు 1974లోను, 1980లోను ఆయన్నే సెనేటుకు గెలిపించారు. నార్వే ప్రధాని బోండెవిక్ 1998లో తన జబ్బు తానే బయటపెట్టి, కొన్ని వారాలు సెలవు తీసుకొని తిరిగి పనిలోకి వచ్చాడు. 2001లో మళ్లీ ప్రధాని అయ్యాడు.

మన చట్టమేమంటున్నది? రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం, మతిస్థిమితం లేదని తగిన కోర్టు ప్రకటిస్తేనే శాసనసభకు అనర్హుడు. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టం చేసింది. అసెంబ్లీ అభ్యర్థి అఫిడవిట్టులో కేసులు, ఆస్తులు, చదువు రాయాలి. జబ్బుల సంగతి అడగరు. చెప్పుకోవడం, మానడం ఆయన ఇష్టం.

కాబట్టి ఓటరుగా మనం అడగవలసింది వేరే. పని చేశాడా? మాట నిలబెట్టుకొన్నాడా? లెక్క చెప్పాడా? మందు వేసుకొనేవాడికన్నా, మనకు భయపడి మందు మానేసినవాడి గురించే మనం ఎక్కువ దిగులుపడాలి.

సంఘానికి నాదొక్క మనవి. ఈసారి ఆరోగ్య శిబిరంలో బీపీ, షుగరు చూసే బల్ల పక్కనే మనసు డాక్టరుగారికీ ఒక కుర్చీ వేయించండి. అందరి ఎదుట ఆ కుర్చీ దగ్గరకు మొదట నేనే వెళతాను.